సర్కారువారి పాట తగ్గాలి: ట్రాయ్‌కు బహిరంగ లేఖ

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు,

ఒకే ప్రాంతంలో, ఒకే రేడియో బ్యాండ్‌లో రెండు కంపెనీలు ప్రసారం చేస్తే ఇద్దరి సిగ్నలూ చెడుతుంది. కాబట్టి ఏ బ్యాండ్ ఎవరిదో ప్రభుత్వమే తేల్చాలి. 2008లో ఆ పని ముందొచ్చినవారికి ముందు అనే పద్ధతిలో, 2001 నాటి ధరకే జరిగింది. అప్పటి 122 లైసెన్సులను 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు రద్దు చేసింది. 2010లో వేలం వేసిన 3జీ స్పెక్ట్రమ్ మాత్రం 183 రౌండ్లు సాగి రూ.67,000 కోట్లకు పైగా పలికింది. వేలమే సరైన దారి అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. తరంగాల విలువ ఎంతో అధికారి ఊహించనక్కర్లేదు, పోటీలోనే తేలుతుంది.

చిక్కల్లా రిజర్వు ధరతోనే, అంటే సర్కారువారి పాటతో. అది లేకపోతే ఏమవుతుందో 1990లో న్యూజిలాండ్ చూసింది. రెండో పాటదారు చెప్పిన ధరే చెల్లించే ఆ వేలంలో, లక్ష డాలర్లకు పాడిన ఒకరు కట్టింది ఆరు డాలర్లు. మన దేశంలో జరిగింది దీనికి తలకిందులు. 700 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలు దాటుతాయి, తక్కువ టవర్లతో ఎక్కువ ఊళ్లకు అందుతాయి. 2016లో వాటికి మెగాహెర్ట్జ్‌కు రూ.11,485 కోట్లు పెట్టారు. ఒక్కరూ పాడలేదు. దాన్ని రూ.6,568 కోట్లకు తగ్గించమని ట్రాయ్ 2018లోనే సిఫారసు చేసినా, మళ్లీ వేలం జరిగింది 2021 మార్చిలో. అప్పుడూ కొన్నవారు లేరు. 2022లో ధర రూ.3,927 కోట్లకు దిగాకే జియో 22 సర్కిళ్లలోనూ పది మెగాహెర్ట్జ్ చొప్పున తీసుకుంది.

తవ్వని బొగ్గు గనిలోనే ఉంటుంది. వాడని తరంగానికి ఆ నిల్వ గుణం లేదు, గడిచిన కాలపు వాడకం గడిచిపోయినట్టే. ఆ ఆరేళ్లూ ఈ బ్యాండ్ నుంచి ఖజానాకు రూపాయి రాలేదు, పల్లెకు సిగ్నల్ రాలేదు. ఎక్కువ నష్టపోయింది మన్యం లాంటి కొండ ప్రాంతాలే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే టెలికాం సర్కిల్. సర్కిల్ మొత్తానికీ ఒకే ధర కాబట్టి, హైదరాబాద్ రాబడిని కూడా లెక్కలో వేసుకున్న ధరే పాడేరు కొండలకూ వర్తిస్తుంది.

కాబట్టి అమ్ముడుపోని ప్రతి బ్యాండ్ ధరనూ వేలం ముగిసిన ఏడాదిలోగా ట్రాయ్ తనంతట తానే సమీక్షించాలి. కొత్త ధరతో మళ్లీ వేలం వేసే గడువును కూడా సిఫారసులోనే రాయాలి. ఆ గడువు దాటితే కారణం ప్రజలకు చెప్పమని టెలికాం శాఖను కోరాలి.