ముట్టుకుంటే మైలపడే ట్యాబు (బడి గోడలు - 6)

గత వారం హాస్టల్ గేటు తాళాల గురించి రాశాను. "సార్, ఇప్పుడు అసలు తాళం ఫోన్లో ఉంది, దాని సంగతి రాయండి" అని ఇన్‌బాక్సులో చాలామంది అడిగారు. రాస్తున్నా.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబుల పంపిణీ మొదలైంది. టీచర్లకి ఇచ్చినవీ కలుపుకుంటే అయిదు లక్షల పైమాటే. లోపల బైజూస్ పాఠాలు. పాఠం తప్ప ఇంకోటి తెరుచుకోకుండా సాఫ్ట్‌వేర్ తాళం. మా అక్క కొడుక్కీ ఒకటొచ్చింది. రెండు నెలల్లో వాడు ఆ తాళం తీసేశాడు. యూట్యూబులో డ్రోన్ ఎలా చేస్తారో చూశాడు. సినిమా పాటలూ చూశాడు, అబద్ధమెందుకు. ట్యాబు లాక్కుని బీరువాలో పెట్టారు. అక్కకి కబురొచ్చింది. మిరపకోతల రోజులు. కూలి పోగొట్టుకుని వెళ్లి నిలబడింది. "మీ పిల్లలకి ఇలాంటివి ఇస్తే ఇంతే" అన్నాడట అయ్యవారు.

"మీ పిల్లలు" అంటే ఎవరి పిల్లలు?

అదే ఏడాది మా కాలేజీలో ఒక సహోద్యోగి కొడుకు ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ కనిపెట్టేశాడు. వాడిది కార్పొరేట్ స్కూలు. స్టాఫ్‌రూములో స్వీట్లు పంచారు. ఐఐటీ ఖాయం అన్నారు. నేనూ ఒక మైసూర్‌పాక్ తిన్నాను. చేసిన పని ఒకటే. ఒకడిది తెలివి, ఇంకొకడిది దుర్వినియోగం!

అంబేడ్కర్ బడిలో లెక్క చేయడానికి బోర్డు దగ్గరికి వెళ్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరుగెత్తి తీసుకున్నారు. ఆ బోర్డు ఇప్పుడు తెరయింది. మనవాడి వేలు తగిలితే మైలపడేది మాత్రం మారలేదు.

2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె ఇళ్లలో కంప్యూటరున్నవి నూటికి 4.4. అందులో మన వాడల వాటా ఎంతో మీకు వేరే చెప్పాలా? 2020 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాలు మొదలైన రోజే కేరళ మలప్పురంలో తొమ్మిదో తరగతి దళిత అమ్మాయి చనిపోయింది. ఇంట్లో టీవీ పాడై ఉంది, స్మార్ట్‌ఫోన్ లేదు. అప్పుడు పిల్లల చేతికి తెర అందలేదని ఏడ్చిన పెద్దమనుషులే, అందాక చెడిపోతున్నారని ఏడ్చారు.

పిల్లలకి నెట్ వదిలేయమని నేననడం లేదు. అర్ధరాత్రి దాకా గేములాడి పొద్దున క్లాసులో తూగే పిల్లల్ని నేనూ చూస్తున్నా. ఆడపిల్లల ఫోటోలు మార్చి బెదిరించేవాళ్లున్నారు. నియమాలు కావాల్సిందే. కానీ బడి ఇచ్చిన నియమాల కాగితం తెప్పించుకుని చదివాను. గేములు వద్దు, సినిమాలు వద్దు, అశ్లీలం వద్దు, ట్యాబు పగిలితే తల్లిదండ్రులదే బాధ్యత. కులం పేరుతో తిట్టొద్దు అన్న ముక్క ఎక్కడా లేదు! మా వాడి క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో ఏం తిరుగుతున్నాయో వాడే చూపించాడు. కత్తులతో, మీసాలతో కులం రీల్సు. రిజర్వేషన్ మీద జోకులు. వాడి పేరు పక్కన నేనిక్కడ రాయలేని మాట. ఆ పిల్లల తల్లిదండ్రుల్ని ఎవరూ పిలిపించలేదు. నెట్‌లో పెట్టిన కులదూషణ కూడా అట్రాసిటీ చట్టం కిందికి వస్తుందని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పింది. మన స్టాఫ్‌రూములకి ఆ వార్త ఇంకా చేరినట్టు లేదు.

నేనడిగేది పెద్దదేం కాదు. ఆ కాగితంలో మొదటి వరుసలో కులదూషణ రాయండి. కాగితం రాసేటప్పుడు పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. తాళం తీసిన పిల్లాడిని దొంగలా నిలబెట్టకుండా, ఎలా తీశావురా అని ఒక్కసారి అడగండి. వాడిని ఆ మాట ఇంతవరకూ అడిగినవాణ్ని నేనొక్కణ్నే. గంటసేపు చెప్పాడు. తెలుగు పీహెచ్‌డీకి సగం అర్థం కాలేదు.

కాగితం కింద అక్క వేలిముద్ర ఉంది. అందులో ఏముందో ఆ రోజు ఎవరూ చదివి వినిపించలేదట.

(వచ్చే ఆదివారం: గురుకులాల్లో ఫోను రోజు)

జై భీమ్.