లావెక్కడం తిండిపోతుతనమా?

లావు తగ్గాలంటే నోరు కట్టుకోవాలనే మాట మగవాళ్ళ నోటే కాదు, మన సంఘాల మీటింగుల్లోనూ వినిపిస్తోంది. హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళల్లో నేను చూస్తున్నది వేరు. లావుగా ఉందని ఎగతాళికి గురయ్యే స్త్రీ చాలాసార్లు పొద్దున చాయ్ తప్ప ఏమీ ముట్టదు. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం, ఇంత తొక్కు ఆమె భోజనం. కూర అప్పటికే అయిపోతుంది. అన్నం పారేయడానికి మనసొప్పక అదీ తనే తింటుంది. దీన్ని తిండిపోతుతనం అందామా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 30 శాతం అధిక బరువుతో ఉన్నారు. 57 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఈ రెండూ ఒకే మనిషిలో కూడా ఉండొచ్చు. కాకతీయ కాలువతో వరి పెరిగింది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరడాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ మక్క గట్క, జొన్న రొట్టె పళ్ళెంలోంచి పోతుంటే వాటి చోటుకి పప్పూ కూరా రాలేదు, అన్నమే వచ్చింది. రోజుకు 2000 కేలరీల భోజనంలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. చివరన తినేవాళ్ళకు 400 గ్రాముల కూరగాయలు ఎక్కడ మిగులుతాయి?

అందుకే పస్తులూ, టీవీలో అమ్మే పొడులూ వద్దంటాను. పస్తులుంటే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. వారానికి అరకిలో తగ్గితే చాలు. ఒక గరిటె అన్నం తగ్గించి గుడ్డో, పప్పో, తోటకూరో వేసుకోవాలి. అదీ అందరితో కలిసి కూర్చుని. ఉన్నట్టుండి లావెక్కినా, నెలసరి తప్పుతున్నా ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. "పొద్దంత ఒంగి నాటేసొచ్చినదాన్ని మళ్ళ నడువుమంటవా అక్కా?" అని ఒకామె నన్ను నిలదీసింది. న్యాయమే, ఆమెకు కావలసింది విశ్రాంతి. బీడీలు చుట్టేవాళ్ళకూ, మిషన్ కుట్టేవాళ్ళకూ మాత్రం నడక అవసరం. తెల్లారుజామున మగవాళ్ళు నడిస్తే ఎవరూ అడగరు. ఆడమనిషి బయల్దేరితే వాడకట్టంతా "ఎటు పోతున్నవ్?" అంటుంది. పైగా చీకటి, కుక్కలు.

ఒంటిని అసహ్యించుకుంటూ ఎక్కువకాలం నడిచినవాళ్ళను నేను చూడలేదు. మా దగ్గర ఆరుగురు కలిసి నడుస్తున్నారు. వాళ్ళలో ఒకామె బరువు పెద్దగా తగ్గలేదు. మోకాళ్ళ నొప్పి తగ్గింది, నిద్ర పడుతోందంటుంది. "మొగుడు చాయ్ పెట్టుడు నేర్చిండు" అని కూడా అంది, నవ్వుతూ. వచ్చే గ్రామసభలో బడి గ్రౌండుకు లైట్లు వెయ్యమని ఆ ఆరుగురూ అడగబోతున్నారు.