వడ్రంగపు పాఠము

చేతిపని యనగానే అది చదువురానివాని పనియని తలంచు అలవాటు మనలో నేటికిని పోలేదు. పరీక్షలు సమీపించినచో పెక్కు పాఠశాలలలో మొట్టమొదట మాయమగునది చేతిపని గంటయే. ఆ గంటలో లెక్కలు చెప్పింతురు. ఇది తగదని నా యభిప్రాయము. ఉన్నత పాఠశాలలో లెక్కలతోపాటు వడ్రంగమును సమానగౌరవము గల పాఠ్యవిషయముగా నుండవలెను.

"అందఱును వడ్రంగులగుదురా?" యని కొందఱడుగుదురు. పద్యములు చదివినవారందఱును కవులగుచున్నారా? వడ్రంగము నేర్పుట జీవనోపాధికొఱకు మాత్రమే కాదు, బుద్ధి పదునెక్కుటకొఱకు.

ఒక చిన్న పీటను చేయుటనే తీసికొందము. రంపపుకోతకు గూడ కొంత మందము కలదని బాలునకు రంపము పట్టినపుడే తెలియును. సరిగా గీతమీదనే కోసినచో చెక్క కురుచయగును. కావున గీతను నిలిపి, విడిచివేయు భాగమువైపున కోయవలెను. నాలుగు కాళ్లలో ఒకటి గోరంత పొట్టియైనను పీట కదలును. మూలమట్టము పెట్టి చూచినపుడు లంబకోణమన నేమో కన్నులకు కట్టును. పచ్చికఱ్ఱతో తలుపు చేసినచో అది యెండి సందులు పడును. తేమ పోవునపుడు కఱ్ఱ పొడవునకంటె వెడల్పున నెక్కువగా ముడుచుకొనును. ఇందు గణితము కలదు, ప్రకృతిశాస్త్రము కలదు, అన్నిటికంటె మిన్నగా సత్యము కలదు. తెలియని విషయమును వ్యాసములో మాటలతో కప్పిపుచ్చవచ్చును. వదులైన అతుకును ఏ మాటలును బిగింపజాలవు.

ఈ యాలోచన క్రొత్తది కాదు. ఊనో సిగ్నేయస్ అను విద్యావేత్త కృషివలన ఫిన్లండు దేశమున 1866లోనే చేతిపని పాఠశాలలలో ప్రవేశించెను. నేడచట బాలురును బాలికలును దానిని తప్పక నేర్చుచున్నారు. మన దేశమున 1937లో వార్ధాలో జరిగిన విద్యాసభయందు చేతివృత్తి మూలముగా విద్య గఱపవలెనని గాంధీమహాత్ముడు బోధించెను. 2020నాటి జాతీయ విద్యావిధానమును ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల విద్యార్థులు వడ్రంగము వంటి వృత్తులను స్వయముగా చేసి చూడవలెనని చెప్పుచున్నది. చెప్పుట జరిగినది, చేయుటయే మిగిలియున్నది.

ఉలివలన గాయమగునను భయము కలదు. దానికి మందు శిక్షణయే. రెండు చేతులును ఉలిమొనకు వెనుకనే యుండవలెనని నేర్చిన బాలునకు జాగ్రత్త జీవితమంతయు తోడుండును.

మన భాషయే వడ్రంగికి ఋణపడియున్నది. మ్రానులోని గట్టిభాగమునకు 'చేవ'యని పేరు. సమర్థుడైన మనుష్యుని గూడ చేవగలవాడందుము. వాక్యమును నున్నగా దిద్దుటను చిత్రికపట్టుటయందుము. మాటను గౌరవించి, ఆ మాటనిచ్చిన చేతిని చులకన చేయుట న్యాయమా?

బాలబాలికలారా! తన చేతులతో పీట చేసినవాడు ఇంటికి వచ్చిన వడ్రంగిని "ఓరీ" యని పిలువడు. ఆ తరగతిలో వడ్రంగి యింటి బిడ్డ తలయెత్తుకొని కూర్చుండును. ఈ యొక్క ఫలము చాలును, వడ్రంగమునకు వారమునకు రెండు గంటలు కేటాయించుటకు.