బస్తా యూరియాకు సీసా యూరియా సాటి రాగలదా?

కరీంనగర్: 2025 ఖరీఫ్‌లో తెలంగాణ జిల్లాల్లో పలుచోట్ల సహకార సంఘాల గోదాముల ముందు రైతులు తెల్లవారకముందే బారులు తీరారు. నిలబడే ఓపిక లేనివారు తమ వంతుకు గుర్తుగా చెప్పులు, పట్టాదారు పాసు పుస్తకాలు వరుసలో వుంచారు. వరి పిలకలు వేసే అదనులో యూరియా దొరకకపోవడమే ఇందుకు కారణం. బస్తా కావాలంటే నానో యూరియా సీసా కూడా కొనాలని షరతు పెడుతున్నట్లు రైతులు ఫిర్యాదు చేశారు. ఇటువంటి షరతులు నిలిపివేయించాలని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఆ ఏడాది జూలైలోనే రాష్ట్రాలకు లేఖ రాశారు. అయినా అసలు ప్రశ్న తీరలేదు. సీసా బస్తాకు సాటి వస్తుందా?

నానో యూరియాను గుజరాత్‌లోని కలోల్‌లో ఇఫ్కో పరిశోధన కేంద్రం రూపొందించగా, 2021లో మార్కెట్లోకి వచ్చింది. అరలీటరు సీసా ఒక బస్తా పని చేస్తుందని సంస్థ ప్రకటించింది. ఈ ప్రయత్నం వెనుక ఉద్దేశం మంచిదే. పొలంలో చల్లిన యూరియాలో పైరుకు దక్కేది ఇంచుమించు మూడో వంతే. మిగిలినది గాలిలో కలుస్తుంది, నీటిలో కొట్టుకుపోతుంది, భూగర్భ జలాలను పాడుచేస్తుంది. అతి సూక్ష్మమైన నానో రేణువులు ఆకుల ద్వారా నేరుగా లోపలికి వెళ్తాయి కనుక వృథా తగ్గుతుందన్నది సంస్థ వాదన.

లెక్క కుదరడం లేదు

అయితే లెక్క వేస్తే సందేహాలు కలుగుతున్నాయి. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోలకు పైగా వుంటుంది. తొలి సీసాలో వున్నది 20 గ్రాములు. 2024లో అనుమతి పొందిన కొత్త రకంలో 100 గ్రాములు. బస్తాలో మూడో వంతే పైరుకు అందినా అది ఆరు కిలోల పైమాటే. సీసాలోది చుక్క వృథా కాకపోయినా అందేది గ్రాములే. టన్ను వడ్లు పండడానికి పైరుకు 15 నుంచి 20 కిలోల నత్రజని అవసరం.

లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు రెండేళ్ళు దీనిని పొలంలో పరీక్షించారు. సగం యూరియా తగ్గించి సీసా మందు పిచికారి చేయగా వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21 శాతానికి పైగా పడిపోయాయి. గింజలో మాంసకృత్తులు కూడా తగ్గాయి. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులూ సంస్థ వాదనకు తగిన ఆధారాలు లేవని అభిప్రాయపడ్డారు. కాగా, 94 పంటలపై, 11 వేల పొలాల్లో జరిపిన పరీక్షల్లో దిగుబడి సగటున 8 శాతం పెరిగిందని ఇఫ్కో చెబుతోంది.

నష్టం ఎవరిది?

ఎకరాకు 25 క్వింటాళ్ళు పండే పొలంలో 13 శాతమంటే మూడు క్వింటాళ్ళకు పైగా నష్టం. కౌలు రైతుకు అదే మిగులు. బస్తాపై ప్రభుత్వం భారీగా సబ్సిడీ భరిస్తోంది. సీసా వాడకం పెరిగితే ఖజానాకు భారం తగ్గుతుంది. కాని ప్రయోగం విఫలమైతే ఆ నష్టం రైతు మీదనే పడుతుంది. పిచికారి కూలి దీనికి అదనం.

యూరియా వృథాను తగ్గించాలనడంలో రెండో మాట లేదు. అందుకు తెలిసిన మార్గాలు ఇప్పటికే వున్నాయి. భూసార పరీక్ష ప్రకారం మోతాదు నిర్ణయించడం, దఫదఫాలుగా వేయడం, ఆకురంగు పట్టిక చూసి ఎరువు చల్లడం, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట దున్నడం వంటివి ఖర్చు తక్కువ పద్ధతులు. వాటిని రైతుకు చేరవేసే విస్తరణ సిబ్బందిని పెంచడం ముందు జరగవలసిన పని.

నానో యూరియాపై వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏ జిల్లా నేలల్లో, ఎన్ని పంటకాలాలు పరీక్షలు జరిపిందో, ఏ ఫలితాలు వచ్చాయో ప్రతి గ్రామంలో తెలుగులో ప్రకటించాలి. అంతవరకు సీసా బస్తాకు తోడు కావచ్చు గాని, బదులు కాజాలదు.