గురుగ్రహం దాకా ఎందుకు, కోదాడ దాకా రండి

సైన్స్ ఫిక్షన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాత్ర గ్రహాంతరవాసి కాదు, రోబో అంతకన్నా కాదు. అలసిపోయిన పోలీసు. కథ ఎన్ని కోట్ల మైళ్ల అవతల జరిగినా సరే, ఏదో ఒక మూల మాసిన చొక్కా వేసుకుని, పై ఆఫీసరు చేత చీవాట్లు తింటూ, ఇంట్లో పొసగక, ప్రమోషన్ రాక, అయినా చేతిలో ఉన్న కేసు వదలబుద్ధి కాక తిరిగే మనిషి ఒకడుంటాడు. వాడన్నమాట.

1981లో 'ఔట్‌లాండ్' అని ఒక సినిమా వచ్చింది. అందులో షాన్ కానరీ మార్షల్. గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే ఉపగ్రహం మీద ఒక కంపెనీ గని ఉంటుంది. దానికి ఈయన్ని పోస్టింగ్ వేస్తారు. నోరు ఊరుకోని ఆఫీసర్లని ఎక్కడికి పంపుతారో మనకి తెలియనిదా? మన భాషలో లూప్ లైన్. ఈ బతుకు నావల్ల కాదని భార్య కొడుకుని తీసుకుని వెళ్లిపోతుంది. గనిలో కూలీలు పిచ్చెక్కి చచ్చిపోతుంటారు. తీగ లాగితే డొంక కదులుతుంది. ఎక్కువ పని చేయించడానికి వాళ్లకి మత్తుమందు అలవాటు చేశారు, అదంతా మేనేజరు కనుసన్నల్లోనే నడుస్తోంది. మార్షల్ కింద పనిచేసే సార్జెంటు కూడా చూసీ చూడనట్టు ఉండడానికి డబ్బు తీసుకుంటున్నాడు. చివరికి మార్షల్‌ని చంపడానికి కిరాయి మనుషులు షటిల్‌లో బయల్దేరతారు. సాయం పట్టమని అడిగితే, ఏ కూలీల ప్రాణాల కోసం ఇదంతా చేశాడో వాళ్లలో ఒక్కడూ లేవడు. ఒక్క డాక్టరమ్మ తప్ప.

'ది ఎక్స్‌పాన్స్' చూసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. 2015లో మొదలై 2022 దాకా నడిచింది. అందులో మిల్లర్ అనే డిటెక్టివ్ సెరెస్ అనే గ్రహశకలం మీద పనిచేస్తాడు. అక్కడ పోలీసు పని కూడా కాంట్రాక్టుకే ఇచ్చేశారు :) వాడు పుట్టింది ఆ మట్టి మీదే, జీతం మాత్రం భూమి కంపెనీది. అందుకని సొంతవాళ్లకి వాడు ద్రోహి, పైవాళ్లకి పనివాడు. కనపడకుండా పోయిన అమ్మాయి కేసు వదిలెయ్యమంటారు. వదలడు. ఉద్యోగం పోతుంది.

ఇంకా వెనక్కి వెళితే అసిమోవ్ 1954లో రాసిన 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'. అందులో ఎలైజా బేలీ న్యూయార్క్ పోలీసు. వాడి భయమంతా గ్రేడు గురించే. గ్రేడు పోతే సదుపాయాలన్నీ పోతాయి, వాళ్ల నాన్నకి అలాగే పోయాయి. ఆఫీసులో ఒక కుర్రాడి ఉద్యోగంలోకి అప్పటికే రోబో వచ్చి కూర్చుంది. ఈ రోజుల్లో మనకి ఆ పేజీలు చదువుతుంటే నవ్వు కూడా రాదు. ఆ కథలే తర్వాత గెలాక్సీ అంతా పరచుకున్న ఫౌండేషన్ కథలతో కలిశాయి.

ఈ ముగ్గురికీ ఉన్న పోలిక ఒకటే. ముగ్గురూ చట్టాన్ని నమ్మి ఉద్యోగంలో చేరినవాళ్లు. ఆ చట్టం పైవాళ్లకి అక్కర్లేదనీ, కిందవాళ్లకి నమ్మకం లేదనీ తెలిసి విరిగిపోయినవాళ్లు. మిల్లర్ కోసం మన ఐటీ జనం ఎంత బాధపడ్డారో నాకు తెలుసు. భోజనాల దగ్గర గంటలు గంటలు మాట్లాడుకున్నాం.

సరే, ఇప్పుడు అసలు విషయానికొద్దాం. అదే భోజనాల బల్ల దగ్గర, అదే మనుషులు, ఊళ్లో ఏదైనా ఘోరం జరిగితే అనే మొదటి మాట ఏమిటి? "కోర్టులేంటండీ, కాల్చి పారెయ్యాలి." అంతరిక్షంలో అయితే మనకి మిల్లర్ కావాలి, హైదరాబాద్‌లో అయితే సింగం కావాలి. ఈ రెండు నాలుకల ధోరణి మీదే నా తగువు. ఎందుకంటే, పోలీసుని విరక్తిలోకి తోసేది నేరస్తుడొక్కడే కాదు. మనం కూడా.

మీరు గురుగ్రహం దాకా వెళ్లక్కర్లేదు. అరవై అయిదో నంబరు జాతీయ రహదారి ఎక్కండి చాలు. సంక్రాంతికి మనం ఎలాగూ ఎక్కుతాం కదా. సూర్యాపేట, కోదాడ, పక్కకి తిరిగితే మిర్యాలగూడ. మా వైపు ఊళ్లే ఇవి.

మొదట సూర్యాపేట. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక బస్టాండులో పోలీసులు మామూలు తనిఖీ చేస్తున్నారు. బస్సులో అనుమానం కలిగిన ఇద్దర్ని ఆపబోతే వాళ్లు తుపాకులు తీసి కాల్చారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చనిపోయారు, ఇన్‌స్పెక్టరు గాయపడ్డాడు. రెండు రోజుల తర్వాత ఏప్రిల్ 4న జానకీపురం దగ్గర ఆ ఇద్దరూ పోలీసులకి ఎదురుపడ్డారు. అక్కడ ఇంకో కానిస్టేబులు చనిపోయాడు, ఎస్సై సిద్ధయ్య ఒంట్లో గుళ్లు దిగాయి. కాల్పుల్లో చచ్చిన ఆ ఇద్దరూ 2013లో మధ్యప్రదేశ్‌లోని ఖాండ్వా జైలు నుంచి పారిపోయిన సిమి మనుషులని తర్వాత తేలింది. సిద్ధయ్య ఏప్రిల్ 7న ఆసుపత్రిలో కన్నుమూశాడు.

అదే ఏప్రిల్ 7న ఆలేరు దగ్గర ఇంకొకటి జరిగింది. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకి వ్యానులో తీసుకెళుతున్న అయిదుగురు విచారణ ఖైదీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారన్నది పోలీసుల మాట. ఫోటోల్లో చూస్తే వాళ్ల చేతులకి బేడీలున్నాయి. ఈ రెండిటికీ సంబంధం ఉందని నేననడం లేదు. కానీ ఆ సాయంత్రం నేను విన్న మాట ఒకటుంది: "లెక్క సరిపోయింది." ఏ లెక్క? జానకీపురంలో తుపాకీ పట్టుకుని కాల్చేవాడికి ఎదురు నిలబడి పోయినవాడినీ, బేడీలున్నవాళ్ల మీద జరిగిన కాల్పులనీ ఒకే ఖాతాలో రాసి చప్పట్లు కొడితే, ఆ మొదటి మనిషి చేసిన పనికి విలువ ఏం మిగిలింది? అర్ధరాత్రి బస్టాండులో సంచులు వెతికే డ్యూటీకి ఎవరూ పూలదండ వెయ్యరు. హోంగార్డుకైతే పర్మనెంటు ఉద్యోగం కూడా లేదు.

రెండోది కోదాడ. 2014 జూన్ 2 తర్వాత అక్కడ రామాపురం క్రాస్ రోడ్డు ఒక సరిహద్దు అయింది. 2020 మార్చి 25 మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌లో హాస్టళ్లు మూసేస్తే పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగి పాసులు తీసుకుని, బండ్ల మీదా కార్లలోనూ బయల్దేరి, అవతల గరికపాడు దగ్గర ఇరుక్కుపోయారు. ఇక్కడి ప్రభుత్వం పొమ్మంది, అక్కడి ప్రభుత్వం రావద్దంది. మధ్యలో తిట్లు తిన్నది ఎవరు? లాఠీ పట్టుకుని నిలబడ్డ కానిస్టేబులు. ఆ రెండు ఆర్డర్లలో ఒక్కటీ అతను రాసింది కాదు.

2021 మే నెల ఇంకా ఘోరం. ఆంధ్ర నుంచి కోవిడ్ రోగులతో వచ్చే అంబులెన్సులని ఇదే రామాపురం దగ్గరా, కర్నూలు వైపు పుల్లూరు దగ్గరా ఆపేశారు. ఆసుపత్రిలో బెడ్ ఉన్నట్టు ముందే అనుమతి ఉండాలన్నారు. లోపల మనిషికి ఊపిరి ఆడడం లేదు, బయట మనిషి చేతిలో ఆర్డరు ఉంది. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షల మీద స్టే ఇచ్చింది. అంటే ఆ కొన్ని రోజులు ఆ రోడ్డు మీద నిలబడ్డ పోలీసు, చట్టంలో నిలవని పనిని చట్టం పేరు మీద చేశాడన్నమాట. చెయ్యనంటే సస్పెన్షను, చేస్తే రాత్రి నిద్ర పట్టదు. ఔట్‌లాండ్‌లో మార్షల్‌కి కనీసం ఎదురు తిరిగే అవకాశం ఉంది. ఇక్కడ దాన్ని క్రమశిక్షణా రాహిత్యం అంటారు.

మూడోది మిర్యాలగూడ. 2018 సెప్టెంబరు 14న గర్భిణి అయిన భార్య కళ్లముందే ప్రణయ్‌ని నరికి చంపారు. కులం తక్కువవాడిని చేసుకుందని అమ్మాయి తండ్రే కోటి రూపాయలకి సుపారీ మాట్లాడుకున్నాడన్నది కేసు. నరికినవాడు బీహార్ పారిపోతే అక్కడిదాకా వెళ్లి పట్టుకొచ్చారు. సీసీ కెమెరా దృశ్యాలు, ఫోన్ రికార్డులు, డబ్బు చేతులు మారిన తీరు, అన్నీ పేర్చి 2019లో సుమారు 1600 పేజీల ఛార్జిషీటు వేశారు. 2020 మార్చిలో మొదటి నిందితుడైన తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు రెండో నిందితుడికి ఉరి, మిగిలిన ఆరుగురికి యావజ్జీవం వేసింది.

ఆరున్నరేళ్లు. అవును, ఎక్కువే. "చూశారా, అందుకే మేం కాల్చెయ్యమనేది" అంటారని తెలుసు. ఆగండి. నరికినవాడిని మొదటి వారంలోనే కాల్చేసి ఉంటే ఏమయ్యేది? డబ్బులిచ్చినవాళ్లు ఎవరో, మధ్యవర్తులు ఎవరో చెప్పే నోరు మూతపడేది. కత్తి పట్టినవాడి శవం చూసి మనం సంతృప్తిపడేవాళ్లం, కత్తి కొనిచ్చినవాళ్లు ఇంట్లో కూర్చుని టీవీ చూసేవాళ్లు. పెద్దవాళ్లకి ఎన్‌కౌంటర్ అంత అనుకూలమైనది ఇంకోటి లేదు. ఉరిశిక్ష సరైనదా కాదా అన్నది వేరే చర్చ, దాన్ని ఇక్కడ కలపకండి. ఒక స్టేషన్ రైటరు రాత్రిళ్లు కూర్చుని పంచనామాలు రాస్తే, సాక్షులు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కితే, ఊళ్లో డబ్బూ పలుకుబడీ ఉన్న మనిషి నిందితుడి బోనుదాకా వచ్చాడు. నాకు హీరోయిజం అంటే అది. దాని మీద ఒక్క మీమ్ కూడా నా వాట్సాప్‌కి రాలేదు.

2019 డిసెంబరు 6న మాత్రం వచ్చాయి, వందల్లో. దిశ కేసు నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయిన రోజు. పోలీసుల మీద పూలు చల్లారు, రాఖీలు కట్టారు, మా ఫ్లోరులో స్వీట్లు పంచారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలనీ, చనిపోయినవాళ్లలో ముగ్గురు అప్పటికి మైనర్లనీ చెప్పింది. ఆ రోజు స్వీట్లు పంచినవాళ్లలో ఎంతమంది ఆ నివేదిక తెరిచి చూశారు? పూలు చల్లిన చేతుల్లో ఒక్కటైనా ఆ పదిమంది కోసం కోర్టు వరండాలో కనపడిందా? ఔట్‌లాండ్‌లో గని కూలీలు కనీసం ముందే ముఖం చాటేశారు. మనం వాడుకుని చాటేశాం.

ఇంటర్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు కానిస్టేబులు. పేరూ స్టేషనూ వద్దు. వాడన్న మాట ఇది: "అరేయ్, దొంగని పట్టుకుంటే ఎవ్వడూ చూడడు. కొడితే వీడియో తీస్తరు. కాలిస్తే పూలు చల్లుతరు. ఇగ మాకు మీరేం నేర్పుతున్నట్టో నువ్వే చెప్పు." నేనేం చెప్పలేదు. చెప్పడానికేముంది?

మన భాషలోనే మాట్లాడుకుందాం. రివ్యూ లేకుండా, లాగ్ లేకుండా, ఒక మనిషికి రూట్ యాక్సెస్ ఇచ్చి "ప్రొడక్షన్‌లో నీకు తోచింది చేసేయ్" అంటే మనం ఒప్పుకుంటామా? ఒక టేబుల్ ఎగిరిపోతే బ్యాకప్ తెచ్చుకుంటాం. పొరపాటున పోయిన ప్రాణానికి బ్యాకప్ లేదు. పోలీసే జడ్జీ, పోలీసే తలారీ అయిన లోకం ఎలా ఉంటుందో 1977లోనే బ్రిటిష్ కామిక్స్‌లో 'జడ్జ్ డ్రెడ్' పేరుతో చూపించారు. దాన్ని వ్యంగ్యంగా రాశారు మహానుభావా! మనం దాన్ని పరిపాలనా సంస్కరణ అనుకుంటున్నాం.

మరి ఏం చెయ్యాలంటారా? విరక్తి పుట్టిన పోలీసు ఏం చెయ్యగలడో ఒక నిజమైన పోలీసే చూపించాడు. ప్రకాశ్ సింగ్ అని ఉత్తరప్రదేశ్‌లో డీజీపీగా చేసిన మనిషి. రిటైరయ్యాక 1996లో సుప్రీంకోర్టుకెక్కాడు. పదేళ్లకి, 2006 సెప్టెంబరు 22న తీర్పొచ్చింది. ఎస్పీకీ స్టేషన్ ఇన్‌ఛార్జికీ కనీసం రెండేళ్లు ఒకే చోట ఉండే హక్కు, దర్యాప్తు చేసేవాళ్లని బందోబస్తు నుంచి విడదీయడం, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లా స్థాయి దాకా విడి సంస్థ. అడిగింది చంద్రమండలం కాదు. మూడేళ్ల క్రితం వేసిన బగ్ టికెట్ ఇంకా ఓపెన్‌లో ఉందని మేనేజరు మీద ఎగిరే మనం, 2006 నాటి ఈ టికెట్ సంగతి ఏ ఎమ్మెల్యేనీ ఎప్పుడూ అడగలేదు. ఎన్నికలప్పుడు ఒక్క మీటింగులో ఒక్కడు లేచి "మా ఎస్సైని ఏడాదిలోపే ఎందుకు మార్చారు?" అని అడిగితే చాలు, మొదలవుతుంది.

అదీ చెయ్యలేం అంటే, కనీసం ఒక్కటి చెయ్యండి. ఈసారి ఎక్కడైనా ఎన్‌కౌంటర్ వార్త వస్తే, ఫార్వర్డ్ నొక్కేముందు 2014లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రశ్న అడగండి: ఎఫ్ఐఆర్ రాశారా? స్వతంత్ర దర్యాప్తు ఎవరు చేస్తున్నారు? గ్రూపులో మిమ్మల్ని దేశద్రోహి అనొచ్చు, "నీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది" అనొచ్చు. అననివ్వండి. మిల్లర్‌ని కూడా సొంతవాళ్లే ద్రోహి అన్నారు, అప్పుడు మీరు వాడి వైపే ఉన్నారు కదా.