ఎరువు తెచ్చిన దేశభక్తి

ఆగస్టు నెల వచ్చుసరికి మన దేశమున ఏటేట ఒక వాదము బయలుదేరుచుండును. ఒక పక్షమువారు, "అమెరికాను చూడుడు! అచ్చట ఇంటి ముంగిళ్లలో జెండా లెగురుచుండును. బడిలో పిల్లలు ఉదయమున జెండా నెదుట నిలిచి ప్రతిజ్ఞ చేయుదురు. మనవారికి ఆ బుద్ధి యెప్పుడు వచ్చును?" అని యడుగుదురు. ఇంకొక పక్షమువారు, "జర్మనీని చూడుడు! అచ్చటి విజ్ఞులు జెండాను ముట్టుటకే సంకోచించిరి. దేశభక్తి యనునది నాగరకులు విడిచివేసిన జ్వరము" అని బదులు చెప్పుదురు. ఈ యుభయులును దేశభక్తిని గూర్చియే మాటాడుచున్నట్లు కనబడుదురు గాని, నిజమునకు పొరుగింటి పెట్టెలోని నగ తెచ్చి మన మెడకు పెట్టి అందము చూచుచున్నారు. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు ఊరక చెప్పలేదు.

ఏ జాతి దేశభక్తిని ఏ కంట చూచుచున్నదో తెలియగోరువారు మూడు సంగతులు విచారింపవలెనని మా యభిప్రాయము. ఆ దేశమున జెండాను మొదట ఎవరు పట్టిరి? ఎవరి మీద పట్టిరి? పట్టి యేమి చేసిరి? ఈ మూడింటికి ప్రత్యుత్తరములు దేశదేశమునకు వేరు. కావుననే దేశభక్తి రూపమును దేశదేశమునకు వేరు.

డెన్మార్కు దేశమున గృహస్థుని పుట్టినదినము వచ్చినచో ఇంటి ముందర జాతీయపతాకము నెత్తుదురు. విందుబల్ల మీద చిన్న జెండాలు నిలుపుదురు. క్రిస్మస్ చెట్టుకు జెండాల తోరణమే కట్టుదురు. మన గుమ్మమునకు మామిడాకు లెట్లో వారికి జెండా యట్లు. దానిని చూచి యెవడును జంకడు, ఎవడును రొమ్ము విరిచికొనడు. నార్వేవారు 1814 మే 17న తమ రాజ్యాంగమును వ్రాసికొనిరి. నేటికిని ఆ పండుగ యూరేగింపులో ముందు నడచునది ఫిరంగులు కాదు, బడిపిల్లలు. స్విట్జర్లండున నాలుగు భాషల జనము కలిసి కాపురము చేయుచున్నారు. వారి జాతీయదినమగు ఆగస్టు 1వ తేది దేశమంతట సెలవుదినము కావలెనా యని 1993లో ప్రజల నడిగి, వారి సమ్మతిపై నిశ్చయించిరి. అంతవరకు అట్టి సెలవు లేకున్నను ఆ దేశము విచ్ఛిన్నము కాలేదు.

ఇక జర్మనీ మాట. అచ్చటి నలుపు, ఎరుపు, బంగారు వన్నెల జెండా నిరంకుశుల జెండా కాదు. 1832లో హంబాఖ్ కోటకడ ప్రజాస్వాతంత్ర్యమును కోరినవారు ఎత్తిన జెండా యది. 1933లో హిట్లరు ప్రభుత్వము దానిని దింపివేసెను. తరువాత జరిగిన ఘోరము లోకమెరిగినదే. యుద్ధానంతరము పశ్చిమ జర్మనీవారు ప్రాత జాతీయగీతమునే 1952లో తిరిగి చేపట్టిరి గాని, ప్రభుత్వ సభలలో మూడవ చరణము మాత్రమే పాడవలెనని కట్టడి చేసికొనిరి. 1991లో ఆ యొక్క చరణమే జాతీయగీతమని ఖాయపరచుకొనిరి. తన పాటలో తానే రెండు చరణములు మ్రింగుకొనిన జాతి లోకమున అరుదు. 1979లో డాల్ఫ్ స్టెర్న్‌బెర్గర్ అను పండితుడు "రాజ్యాంగ దేశభక్తి" యను మాటను ప్రచారమునకు తెచ్చెను. రక్తమును మట్టిని గాక, స్వేచ్ఛను కాపాడు రాజ్యాంగమును ప్రేమింపుడని దాని భావము. 2006లో ప్రపంచ ఫుట్‌బాలు పోటీలు తమ దేశమున జరిగినప్పుడు గాని సామాన్య జర్మనులు వీధులలో సంకోచము లేక జెండాలు పట్టలేదు. అప్పుడును ఇది మంచిదా, కాదా యని వారు పత్రికలలో తర్కించుకొనిరి!

ఆ సంకోచము జర్మనులకు గౌరవమే. తమ తాతల పాపమును తాము తలచుకొనుచున్నారు. కాని ఆ సంకోచమును ఓడలో దింపుకొని మన పిల్లలకు పంచుట యేల? మన జెండా మరియొకరి దేశమును దోచుకొనుటకు పోయినది కాదు. దోపిడిని ఆపుటకు పుట్టినది. జర్మనుని లజ్జను అభినయించు మన విజ్ఞుడు, ఇంగ్లీషువాని దర్పమును అభినయించిన మన వెనుకటి రావుబహద్దరునకు స్వయానా తమ్ముడు.

ఇప్పుడు మొదటి పక్షమువారి యమెరికాను పరిశీలింతము. వీరు చెప్పున దసత్యము కాదు, సగము సత్యము. మిగిలిన సగమును దాచుచున్నారు. అచ్చటి బడిప్రతిజ్ఞను 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ యను క్రైస్తవ ప్రచారకుడు రచించెను. దానిని పలుకుచు పిల్లలు కుడిచేయి ముందునకు చాచి వందన మొనర్చెడివారు. హిట్లరు సైనికుల వందనమును అట్లే యుండుటచేత లజ్జితులై 1942 డిసెంబరులో చేయి గుండెమీద పెట్టుకొనవలెనని శాసనము మార్చిరి. ఇది వినోదమునకు చెప్పితిమి. అసలు కథ వేరు.

యెహోవా సాక్షులను క్రైస్తవశాఖవారు దేవునికి దక్క దేనికిని వందన మొనర్పరు. వారి పిల్లలను పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ బడినుండి వెడలగొట్టిరి. 1940 జూన్ 3న అమెరికా సుప్రీంకోర్టు, ఒక్క న్యాయమూర్తి దక్క తక్కినవా రెనమండుగురును, బడి చేసిన పని సరియేనని తీర్పు చెప్పెను. కోర్టు మాట వెలువడుటయే తడవుగా గుంపులు వీథులకెక్కెను. మెయిన్ రాష్ట్రమున కెన్నెబంక్ పట్టణమున ఆ శాఖవారి మందిరమును తగులబెట్టిరి. పెక్కుచోట్ల వారిని కొట్టిరి, ఊళ్లనుండి తరిమిరి. ఏ దేశభక్తి నిమిత్తము? దేవుని పేర చేయెత్తని పసివాండ్ర నిమిత్తము!

మూడేండ్లు గడచెను. అమెరికా జర్మనీతోడను జపానుతోడను ఘోరయుద్ధమున మునిగి యుండెను. ఇట్టి వేళ ప్రభుత్వములు కఠినమగుట లోకసహజము. అట్టి వేళనే, 1943 జూన్ 14న, అది వారి జెండా పండుగ దినము కూడను, అదే సుప్రీంకోర్టు తన తీర్పును తానే త్రోసివేసెను. పశ్చిమ వర్జీనియా పిల్లల విషయమున న్యాయమూర్తి రాబర్టు జాక్సను వ్రాసిన ఆ తీర్పు సారాంశ మేమన, పౌరుడు దేనిని నమ్మవలెనో, ఏ మాట నోట పలికి ఒప్పుకొనవలెనో విధించు నధికారము చిన్నయుద్యోగికి గాని పెద్దయుద్యోగికి గాని లేదు. ఈ జాక్సనే 1945లో నూరెంబర్గున నాజీ నాయకుల మీద అమెరికా పక్షమున అభియోగము నడపినవాడు. అమెరికాను చూడుడని మనకు బోధించువారు ఈ యమెరికాను ఏల చూపరు? ఇంటిముందటి జెండాకు విలువ యెక్కడిదన్న, ఎత్తకున్నను అడుగువాడు లేడను ధైర్యము వెనుక నుండుటవలననే.

జపాను కథ దీనికి ప్రతిలోమము. అచ్చటి సూర్యబింబ పతాకము, చక్రవర్తి చిరకాలము వర్ధిల్లుగాక యను గీతము, యుద్ధకాలమున సైన్యము వెంట ఆసియా యంతట తిరిగినవి. అందుచేత యుద్ధానంతరము ఉపాధ్యాయులలో అనేకులకు అవి గిట్టకపోయెను. 1999 ఫిబ్రవరిలో హిరోషిమా మండలమున ఒక ప్రధానోపాధ్యాయుడు, పట్టప్రదానమున గీతము పాడింపవలెనను పై యధికారులకును, కూడదను ఉపాధ్యాయులకును నడుమ నలిగి ప్రాణము తీసికొనెను. ఆ యేడు ఆగస్టులోనే పతాకమునకును గీతమునకును శాసనమేర్పడెను. ప్రజలపై నిర్బంధ ముండదని మంత్రులు హామీ యిచ్చిరి. 2003 అక్టోబరు 23న టోక్యో విద్యామండలి, లేచి నిలిచి పాడని ఉపాధ్యాయులను శిక్షింతుమని యుత్తరువు వెలువరించెను. అటుపై కొన్నియేండ్లలో వందలకొలది ఉపాధ్యాయులు శిక్షలకు గురియైరి. ఉత్తరువు రాజ్యాంగ విరుద్ధము కాదని 2011లో వారి సుప్రీంకోర్టు చెప్పెను. మందలింపుకు మించిన శిక్ష విధించునప్పుడు మిక్కిలి జాగ్రత్త వహింపవలెనని 2012లో కూడ చేర్చెను.

ఇందులో ఒక ముచ్చట కలదు. 2004 శరత్కాలమున చక్రవర్తి అకిహితో ఇచ్చిన తోటవిందులో టోక్యో విద్యామండలి సభ్యుడొకడు, దేశమందలి బడులన్నిట జెండా యెత్తించి గీతము పాడించుటయే తన పనియని సగర్వముగా విన్నవించెను. నిర్బంధము లేకున్న మేలుగదా యని చక్రవర్తి సెలవిచ్చెను. ఎవని దీర్ఘాయువు కొరకు ఆ గీతము పుట్టెనో వాడే వలదన్నను బంటులు వినలేదు! భక్తులు దేవుని మించుట మన పురాణములలోనే కాదు, టోక్యోలోను కలదు.

చీనావారు 2017లో జాతీయగీత శాసనము చేసిరి. హాంకాంగున 2020లో చేసిన శాసనము ప్రకారము గీతమును పరిహసించినవారికి మూడేండ్ల ఖైదు విధింపవచ్చును. స్వాతంత్ర్యమునకు పుట్టినిల్లనబడు ఫ్రాన్సు సైతము, ఫుట్‌బాలు చూడవచ్చినవారు గీతమునకు ఈలలు వేసిరని 2003లో శిక్షాశాసనము తెచ్చుకొనెను. ఈలవేయుట మర్యాద కాదని మేమును అందుము. ఈలకు ఖైదు మందగునా?

ఇక మన యింటి సంగతి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరము వచ్చి పోయిన పిమ్మట విద్యార్థులు వందేమాతరము బిళ్లలు ధరించి కళాశాలకు వచ్చిరి. తెల్లదొర యగు ప్రిన్సిపాలునకు ఇది కంటగింపయ్యెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు కళాశాల నుండి బహిష్కృతులైరి. మరుసటియేడు బెజవాడ "స్వరాజ్య" పత్రికలోని వ్రాతకు రాజద్రోహ నేరముపై వారిని చెరసాల కంపిరి. 1870లో మన శిక్షాస్మృతిలో చొప్పించిన ఆ రాజద్రోహ ప్రకరణమును తెల్లవారు పోయిన తరువాతను మనవారు పోగొట్టుకొనలేదు. 2022 మేలో సుప్రీంకోర్టు దాని నమలుజరుపక నిలిపియుంచెను. 2024 జూలై 1న ప్రాత స్మృతి పోయి క్రొత్తది రాగా, అందు 152వ ప్రకరణముగా దానిని బోలినది మరియొకటి వెలసినది.

1938లో హైదరాబాదున ఉస్మానియా విద్యార్థులు వసతిగృహములలో వందేమాతరము పాడిరి. నిజాము ప్రభుత్వపు విశ్వవిద్యాలయము పాడరాదని నిషేధించి, మానని వందలాది విద్యార్థులను వెడలగొట్టెను. నాగపురి విశ్వవిద్యాలయము వారిలో అనేకులకు చోటిచ్చెను. అట్లు నాగపురి చేరినవారిలో ఒకరు పాములపర్తి వేంకట నరసింహారావుగారు. 1991లో భారత ప్రధానమంత్రి యైరి.

1985 జూలైలో కేరళమున ముగ్గురు బడిపిల్లలను వెడలగొట్టిరి. ఏమి నేరము? జనగణమన పాడలేదు! వారును యెహోవా సాక్షుల బిడ్డలే. గీతము జరుగునంతసేపు వినయముగా లేచి నిలిచెడివారు. నోరు మాత్రము మెదల్పరు. 1938లో పాడినందుకు వెడలగొట్టిరి, 1985లో పాడనందుకు వెడలగొట్టిరి. ఈ రెండింటికి నడుమ దేశము స్వతంత్రమైనదే గాని బడియధికారి బుద్ధి స్వతంత్రము కాలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకొనుడని తీర్పు చెప్పెను. లేచి నిలిచినవాడు గీతమును గౌరవించినవాడే, పాడుమని నిర్బంధించు శాసనము లేదు అని అందు నిర్ణయించిరి. మైనర్స్‌విల్, పశ్చిమ వర్జీనియా కథలు రెండును అందు చర్చింపబడినవి. ఆ తీర్పు వ్రాసినవారు ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగా నుండిన మన చిన్నపరెడ్డిగారు. ఎన్ని తెలుగు బడులలో ఈ సంగతి బోధింతురు?

ఆ తీర్పు నేటికి శాసనమే. ఐనను 2016 నవంబరు 30న సినిమాశాలలలో ఆటకు ముందు గీతము వేయవలెననియు, అందరును నిలువవలెననియు అదే సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. గోవాలో చక్రాలకుర్చీలోని వికలాంగుడు ఒకడు గీతమునకు నిలువలేదని దెబ్బలు తినెనను వార్త ఆ యేడే పత్రికల కెక్కెను. కెన్నెబంకునకును గోవాకును దూరమెంత? 2018 జనవరి 9న కోర్టువారే గీతము వేయుట సినిమాశాలల యిష్టమని సవరించిరి.

గీతకర్త మాటయు ఒకటి చెప్పవలెను. 1916లో రవీంద్రుడు జపానుకు పోయి, యుద్ధోన్మాదముగా మారు జాతీయత మిమ్ము మ్రింగునని ఆ జాతి ముఖము మీదనే హెచ్చరించెను. అచ్చటి పత్రికలు ఓడిన జాతి కవియని యెద్దేవ చేసెను. 1919లో ఆయన మన మదనపల్లెలో బెసంటు దివ్యజ్ఞాన కళాశాలయందు విడిసి, జనగణమనను ఇంగ్లీషున పెట్టెను. దాని స్వరమును మార్గరెట్ కజిన్సుగారి సాయమున అచ్చటనే లిఖించిరి. బెత్తము పట్టి పాడించుటకు ఆయన దానిని వ్రాయలేదని ఋజువు చేయ నక్కరలేదు.

నిర్బంధమునకు ఇంత యుత్సాహము చూపువారు జెండా విషయమున చేసిన పని చూడుడు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభవేళ పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మున కర్పించిన జెండాలో తరువాత రాట్నము చేరెను. రాట్నము జెండా మీద నుండుటయే కాదు, జెండా గుడ్డయే రాట్నము నుండి వచ్చెడిది. స్వతంత్ర భారతమున గూడ, చేతివడుకు చేనేత ఖద్దరే జెండాకు విధియై యుండెను. 2021 డిసెంబరు 30న ప్రభుత్వము జెండానియమావళిని సవరించి, మరనేత పాలియెస్టరును అనుమతించెను. మరుసటి ఆగస్టులో ఇంటింట జెండా యని చాటిరి. హుబ్బళ్లి దాపున బెంగేరిలో ఖద్దరు జెండా తయారుచేయు సంఘపు పనివారు పనికై మొరపెట్టుకొనిరి. జెండాకు వందనము చేయనివానిని వెదకి పట్టువారు, జెండాను నేసినవాని కూడు తీసినవారిని అడుగలేదు.

వచ్చు ఆగస్టులోగా ప్రభుత్వమువారు ఆ సవరణను రద్దు చేసి, ప్రతి బడికిని ఒక ఖద్దరు జెండాను తమ ఖర్చుతో నిచ్చెదరు గాక. దానితోపాటు 1986 తీర్పును తెలుగున అచ్చొత్తించి ఒక్కొక్క ప్రతిని ప్రతి ప్రధానోపాధ్యాయునకు పంపుదురు గాక. రెండింటికిని కలిపి అగు వ్యయము, ఆగస్టు నెల ప్రకటనలకు వారు వెచ్చించుదానికన్న ఎక్కువ కాదని మా నమ్మకము.