సంగడీడు – సంగర నావ

సముద్రానికి ఇంత దూరాన ఉన్న సిద్దిపేటవాడికి ఓడల ముచ్చటెందుకని మిత్రులు నవ్వవచ్చు. ఆ నవ్వు గురించే ఈ నాలుగు మాటలు.

డిగ్రీలో చేరిన కొత్తలో పక్కనున్నవాణ్ని “మా సంగడీడు” అని నలుగురికీ చెప్పాను. అందరూ గొల్లున నవ్విండ్రు. ఆనాటి నుంచి సిగ్గుపడి “ఫ్రెండ్” అనడం నేర్చుకున్నాను. మా తాత మాత్రం తన తోటి రైతును ఇప్పటికీ సంగడీడనే అంటడు.

క్రీ.శ. 1వ శతాబ్దంలో పేరు తెలియని గ్రీకు వర్తకుడొకడు ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ అనే చిన్న పుస్తకం రాశాడు. మసాలియాలో, అంటే నేటి మచిలీపట్నం ప్రాంతంలో, నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయన్నాడు. దుంగలను తొలిచిన పెద్ద దోనెలను జతచేసి కట్టిన నావలను ‘సంగర’ అంటారనీ రాశాడు.

ఈ సంగర ఎక్కడిది? తెలుగులో సంగడి అంటే జత, స్నేహం. రెండు దోనెలు కలిపి కట్టిన తెప్పకూ అదే పేరు. మన ‘డ’ గ్రీకు చెవికి ‘ర’గా వినిపించిందంటే వింత లేదు. మలయాళంలో తెప్ప చంగాడం. పోర్చుగీసువారు దాన్నే ‘జంగడ’ చేసుకున్నారు. బ్రెజిల్ జాలరులు తమ తెరచాప తెప్పను నేటికీ అట్లనే పిలుస్తారు.

అయితే సంస్కృతంలోని ‘సంఘాటం’ దీనికి మూలమనే వాదమూ ఉన్నది. కనుక “ఇది అచ్చంగా మాదే” అని డప్పు కొట్టడం సైన్సు విద్యార్థికి తగదు. సాక్ష్యం ఎంతవరకు పోతే అంతవరకే మనం పోవాలె. కాని సాక్ష్యాన్నే పారేసుకుంటే పరిశోధన దేనిమీద చేస్తాం?

యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలమీది రెండు తెరచాప కొయ్యల ఓడ మ్యూజియంలో భద్రంగా ఉన్నది. నాణెం దొరికితే అద్దాల పెట్టెలో పెడతాం. అంతే పాతదైన మాట తాత నోట వస్తే మోటు అంటాం! ఇదేం న్యాయం?

మా బావిమీద మోట పోయి కరెంటు మోటరు వచ్చింది. మంచిదే, ఎద్దుల కష్టం తీరింది. కాని తొండం, గిరక, మోకు అన్న మాటలు మా తమ్మునికి తెలియవు. లాబులో ఒక మిల్లీలీటరు తేడా వస్తే మళ్లీ కొలుస్తాం. ఇక్కడ తూము తెగి చెరువే పోతున్నా చూస్తూ కూర్చున్నాం.

అందుకే యూనియన్‌కు నా మనవి. ఈ సెలవుల్లో ప్రతి విద్యార్థీ తన ఇంటినుంచి పది పనిముట్ల పేర్లు రాసుకొని రావాలె. వచ్చే ఏటి సంచికలో వాటికి నాలుగు పేజీలు కేటాయించాలె. ఖర్చు కాగితం, సిరా మాత్రమే.

ఇక నామట్టుకు నేను మా సంగడీని సంగడీడనే పిలుస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వనీ.